పానగల్ పార్కులో మూడో బెంచీ

మదరాసు వెళ్ళిన తెలుగువాళ్ళలో పానగల్ పార్కు చూడనివారు వుండరు. అయితే చూశామని చాలామందికి తెలియదు. పెళ్ళిచీరెలకని త్యాగరాయనగరంలో దిగుతారు. ఒక కొట్లోంచి ఇంకో కొట్లోకి నడుస్తారు. లోపల ఆడవాళ్ళు అంచు నచ్చితే రంగు నచ్చక, రంగు నచ్చితే ధర నచ్చక తర్జనభర్జన పడుతూంటే, మగవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదుటి చెట్లకేసి చూస్తారు. ఆ చెట్లే పానగల్ పార్కు.

2023 ఫిబ్రవరిలో నేనూ అలాగే గుమ్మంలో నిలబడ్డాను. మా మేనకోడలి కూతురికి పెళ్ళి కుదిరింది. హైదరాబాదులో చీరెలకేం కరువు అంటే, "మదరాసులో కొన్నట్టు వుంటుందా?" అన్నారు. మా ఆవిడా, అమ్మాయీ, పెళ్ళివారూ లోపలికి వెళ్ళారు. ఎనిమిదేళ్ళ మనమరాలు నా చెయ్యి పట్టుకుని మిగిలిపోయింది. దానికి చీరెలతో పని లేదు. నాకు ఆ వీధిలో వేరే పని వుంది. కాని అది యాభైతొమ్మిదేళ్ళనాటి పని. ఎవరితో చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

"రావే, పార్కులో కాసేపు కూచుందాం" అన్నాను.

రోడ్డు దాటటమే ఒక యజ్ఞం. దాటి లోపలికి వెళ్ళేసరికి నా గుండె దడదడ కొట్టుకుంటోంది. అది ఒక్క రోడ్డు దాటినందుకేనని అనలేను.

"పానగల్ అంటే ఏమిటి తాతా? పనసపండా?" అంది మనమరాలు.

పండు కాదమ్మా, ఒక రాజాగారు అని చెప్పాను. ఆయన అసలు పేరు పానుగంటి రామరాయణింగారు. కాళహస్తివారు. తెలుగువారు. 1921 నుంచి 1926 దాకా మదరాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా వున్నారు. దేవాలయాల ఆస్తులమీద ప్రభుత్వ అజమాయిషీకి చట్టం వచ్చింది ఆయన హయాంలోనే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలిసిందీ ఆయన హయాంలోనే. 1928లో పోయారు. పేట పేరు మరో తెలుగాయనది, పిట్టి త్యాగరాయశెట్టిగారిది. పక్కనున్న జి.ఎన్. చెట్టి రోడ్డూ అలాంటిదే. అంతకుముందు ఈ ప్రాంతమంతా లాంగ్ టాంక్ అని పెద్ద చెరువు. దాన్ని పూడ్చి, వీధులు తీర్చి, నడిబొడ్డున ఈ పార్కు వేశారు. మదరాసు మనకు దక్కకపోయినా, వీధుల పేర్లలో మాత్రం మనవాళ్ళు చాలామంది ఇప్పటికీ కాపురం వున్నారు.

మనమరాలికి ఇందులో ఒక్క చెరువే నచ్చింది. "అయితే మనం నీళ్ళలో నడుస్తున్నామా?" అంది.

అలాగే వుంది నాకు.

* * *

మా నాన్నగారు 1949లో తెనాలి దగ్గిర పల్లెటూరునుంచి మదరాసు వచ్చారు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆస్తి ఒక నాటకం రాతప్రతి, ముత్యాలకోవలాంటి దస్తూరీ. నాటకం ఎవరూ తీసుకోలేదు. దస్తూరీ మాత్రం అన్నం పెట్టింది. ఆ రోజుల్లో తెలుగు సినిమాలన్నీ మదరాసులోనే తయారయ్యేవి. రచయితగారు గీతలు కొట్టి, బాణాలు వేసి, అంచుల్లో ఇరికించి రాసిన సంభాషణలని శుభ్రంగా తిరగరాసి, నటులకి తలా ఒక ప్రతి ఇవ్వాలి. నాన్నగారు ఆ పని చేసేవారు. పేజీకి ఇంత అని లెక్క.

పోనుపోను ఇంకో పని కూడా తగులుకుంది. పెద్ద రచయితగారికి జ్వరం వస్తుంది. లేదా మరో కంపెనీలో పని తరుముకొస్తుంది. పొద్దున్న షూటింగు. అప్పుడు ఎవరో వచ్చి, "ఏమండీ, ఈ ఒక్క సీనూ మీరు లాగించెయ్యాలి" అనేవారు. నాన్నగారు రాత్రి లాంతరు పెట్టుకుని లాగించేవారు. పేరు పెద్దాయనది. డబ్బు కొంచెం నాన్నగారిది. అందులో కష్టపెట్టుకునేందుకేమీ లేదనేవారాయన. "కట్టినవాడి పేరు ఇంటిమీద వుంటుందిట్రా? కట్టించినవాడి పేరే వుంటుంది" అనేవారు.

పశ్చిమ మాంబళంలో మాకో పోర్షను వుండేది. పోర్షను అంటే గది, దాని ముందు వంటకోసం వదిలిన జానెడు వసారా. మేము ముగ్గురు పిల్లలం. ఆ గదిలో కాగితం పరవటానికి చోటు వుండేది కాదు. ఎవరైనా కనుక్కుని రావటానికి అడ్రసు చెప్పుకోవాలన్నా ఆ సందులో తలుపు నంబరు ఎవరికీ తెలిసేది కాదు. అందుచేత నాన్నగారి ఆఫీసు పానగల్ పార్కు. వెంకటనారాయణ రోడ్డువైపు కంచె పక్కనే వరసగా వుండే బెంచీల్లో మూడోది. రోజూ సాయంత్రం నాలుగింటికి చేతిసంచీలో అట్ట, కాగితాలు, కలం పెట్టుకుని వెళ్ళేవారు. దీపాలు వెలిగాక కూడా కన్ను ఆనినంతసేపు రాసి ఇంటికొచ్చేవారు.

ఆ పార్కు ఒక్క మా నాన్నగారికే ఆఫీసు అనుకోకండి. సినిమాల్లో వేషాలకు వచ్చినవారు, పాటలు రాద్దామని వచ్చినవారు, వచ్చి రాయలేక తిరిగి వెళ్ళే రైలుఛార్జీకోసం ఎదురుచూసేవారు, అందరూ అక్కడే. ఎక్కడ చూసినా తెలుగే వినిపించేది. శనగ గుగ్గిళ్ళు అమ్మే తమిళుడు కూడా "వేడివేడి" అని తెలుగులో కేకవేసేవాడు. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు సాయంత్రాలు ఆ పార్కులోనే చెట్టుకింద కొలువుతీరేవారు. చుట్టూ చిన్నా పెద్దా రచయితలు. నేను గోళీకాయలు ఆడుకుంటూ దూరంనుంచి చూశాను. ఆయన ఎవరో నాకప్పుడు తెలియదు. 1956లో 'చిరంజీవులు'కి, 1959లో 'జయభేరి'కి పాటలు రాసినవారని తరవాత తెలిసింది. అంతటివారి పాటలు కూడా కొన్ని ఇతరుల పేరుమీద వెళ్ళాయని సినిమావాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్నగారికి ఎక్కడలేని ధైర్యమూ వచ్చేది. "ఆ మహానుభావుడికే తప్పనిది మనకో లెక్కా?" అనేవారు. మల్లాదివారు 1965లో పోయినప్పుడు నాన్నగారు రెండురోజులు కలం పట్టలేదు.

బెంచీల్లో కూడా ఎక్కువ తక్కువలుండేవి. ఇది తరవాత చెప్పబోయేదానికి ముఖ్యం, కనుక చెబుతున్నాను. కంపెనీవారి కారు రోడ్డుపక్కన ఆగేది. ప్రొడక్షన్ మేనేజరు దిగకుండానే కంచెలోంచి లోపలికి చూసి, కనబడినవారిని పేరుపెట్టి పిలిచేవాడు. కాపీపని కానీ, సీనుపని కానీ, ముందు కనబడినవాడిదే. లోపలెక్కడో చెట్లచాటున కూచున్నవాడికి కబురు అందేసరికి పని ఇంకొకరికి పోయేది. కాబట్టి రోడ్డువైపు బెంచీమీద చోటంటే బజారులో కొట్టుగది లాంటిది. పదేళ్ళు కూచుని కూచుని మూడో బెంచీ నాన్నగారిదని అందరూ ఒప్పుకున్నారు.

ఒకసారి ఒక హాస్యఘట్టం మొత్తం నాన్నగారే రాశారు. సినిమా పేరు చెప్పను. చెబితే మీలో చాలామంది "ఓహో అదా!" అంటారు. ఆ రచయితగారు పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆయన పేరు అలాగే వుండనివ్వండి. ఆ సినిమా విడుదలైనప్పుడు నాన్నగారు నన్ను నేల టిక్కెట్టుకు తీసుకువెళ్ళారు. ఆ సీను వచ్చింది. హాలు హాలంతా పడిపడి నవ్వింది. నేనూ నవ్వి, నాన్నగారికేసి చూశాను. ఆయన తెరకేసి చూడటం లేదు. వెనక్కి తిరిగి జనంకేసి చూస్తున్నారు. చీకట్లో ఆ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

* * *

1964లో నాకు పదమూడేళ్ళు. బళ్ళో ఒక ప్లీడరుగారి అబ్బాయితో స్నేహం కుదిరింది. వాళ్ళ ఇంట్లో రిఫ్రిజిరేటరు వుండేది. అందులోంచి తీసి ఇచ్చిన చల్లని మంచినీళ్ళు తాగిన రోజున నాకు అబద్ధం చెప్పాలనిపించింది. "మా నాన్న సినిమా రచయిత. స్టూడియోలో ఆయనకి గది వుంది. కారు పంపిస్తారు" అన్నాను. వాడు నమ్మాడు. నమ్మి, నన్ను వాళ్ళమ్మకు కూడా చూపించాడు.

నెల తిరక్కుండానే, ఒక సాయంత్రం వాడూ నేనూ వెంకటనారాయణ రోడ్డు వెంబడి నడిచి వస్తున్నాం. మామూలుగా అయితే పార్కు తప్పించి చుట్టుదారిన తీసుకుపోయేవాణ్ణి. ఆ రోజు కబుర్లలో మరిచిపోయాను. కంచెలోంచి కేక వినిపించింది.

"ఒరే అబ్బాయీ! ఇలా రా!"

నాన్నగారు. భుజందగ్గిర అమ్మ కుట్టిన తెల్లజిబ్బా. ఒళ్ళో అట్ట. వేళ్ళకి సిరా. చేతిలో కాగితప్పొట్లం. శనగ గుగ్గిళ్ళు కొన్నారు, నాకు పెట్టాలని పిలిచారు. అంతే.

"ఎవరురా ఆయన?" అన్నాడు మావాడు.

"ఎవరో. మా వూరివాళ్ళు. పనిలేక ఇక్కడ కూచుంటారు" అన్నాను.

మెల్లిగానే అన్నాననుకున్నాను. నడక మాత్రం ఆపలేదు. మలుపు తిరిగేముందు ఒక్కసారి వెనక్కి చూశాను. నాన్నగారు పొట్లం పట్టుకున్న చెయ్యి ఇంకా దించలేదు.

ఆ రాత్రి ఆయనకి భయపడి నిద్రపోతున్నట్టు నటించాను. కాని ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే నా లెక్కల పుస్తకానికి అట్ట వేసి ఇచ్చారు. విననే లేదని నిశ్చయించుకున్నాను. పిల్లలకి ఇలాంటి నిశ్చయాలు చేసుకోవటం చాలా తేలిక.

తరవాత పదిరోజులకి చూస్తే మూడో బెంచీమీద వేరే ఆయన కూచుని వున్నాడు. నాన్నగారు లోపల, రోడ్డుకి కనబడకుండా, పెద్ద నిద్రగన్నేరు చెట్టు వెనక బెంచీకి మారారు. "అక్కడ నీడ బాగుంటుందే" అని అమ్మతో అంటూంటే విన్నాను. నిజం ఒప్పుకోవాలి. నాకు బాధ కలగలేదు. అమ్మయ్య అనుకున్నాను. ఇక రోడ్డున పోతూంటే ఎవరూ పిలవరు కదా!

ఆ ఏడు ఇంట్లో డబ్బుకి చాలా ఇబ్బందిగా వుండేది. పని తగ్గింది. అమ్మ చేతిగాజులు మార్వాడీ కొట్టుకి వెళ్ళాయి. సినిమావాళ్ళ రాబడి ఎప్పుడూ అంతేనని ఇంటివారమ్మతో అమ్మ అనేది. నేనూ అంతేననుకున్నాను.

నేను చదువుకుని 1972లో బ్యాంకు ఉద్యోగంలో చేరాను. మొదటి జీతంతో నాన్నగారికి రెండు జిబ్బాలు కుట్టించాను. "ఇవి పార్కుకి తొడుక్కుపోతే మేనేజరు నన్నే ప్రొడ్యూసరు అనుకుంటాడ్రా" అని నవ్వి, పెట్టెలో దాచుకున్నారు. ఆ రోజుల్లోనే తెలుగు సినిమా మెల్లిగా హైదరాబాదు దారి పట్టింది. బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మీరూ రారాదా అంటే, "ఈ వయసులో వూరు మారితే ఏ బెంచీమీద కూచోనురా?" అన్నారు. 1978లో పోయారు. ఏ సినిమా మొదట్లోనూ, చివరా ఆయన పేరు పడలేదు.

పన్నెండోరోజు అయి, చుట్టాలు వెళ్ళిపోయాక, పాత కాగితాలు సర్దుతూ నేనే అడిగాను. "అమ్మా, నాన్నగారు ఆ రోడ్డుపక్క బెంచీ ఎందుకు వదులుకున్నారు? కాస్త కనబడుతూ వుంటే ఇంకాస్త పని దొరికేది కదా" అన్నాను. తెలివైనవాడిలా, బ్యాంకు ఉద్యోగిలా అడిగాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత కోపమేమీ లేకుండా, కూర తరుగుతూ కబురు చెప్పినట్టు చెప్పింది.

"నీ కోసమే నాయనా. నువ్వు ఆ దారినే బడినుంచి వచ్చేవాడివిగా. 'అబ్బాయికి స్నేహితులముందు నేను చిన్నతనంగా వున్నాను. నేను అక్కడ కూచుంటే వాడు రోజూ చుట్టూ తిరిగి రావాలి. ఎండలో అంతదూరం ఎందుకూ?' అన్నారు. నాకు వొళ్ళు మండి నిన్ను నిలదీస్తానన్నాను. వద్దన్నారు. 'ఆ వయసు అలాంటిదే. మా నాన్న మోకాళ్ళదాకా బురదతో బడికొస్తే నేను గోడచాటుకి వెళ్ళలేదూ?' అన్నారు."

అంటే విన్నారన్నమాట. నేను చుట్టుదారిన పోయేవాణ్ణని కూడా ఎరుగుదురన్నమాట. పద్నాలుగేళ్ళు ఎరిగివుండి, ఒక్కనాడూ ఆ మాట తేలేదు. తెస్తే నేను క్షమించమనే వాణ్ణేమో. ఆ అవసరం కూడా నాకు రాకుండా చూశారు.

* * *

ఇదీ ఆ పార్కులో నాకున్న పని.

వెళ్ళి చూద్దును కదా, అంతా మారిపోయి వుంది. మెట్రో రైలు రెండో దశ పనులు సాగుతున్నాయి. పార్కు కిందనుంచి సొరంగం పోతుంది, అక్కడే స్టేషను కూడా వస్తుంది. అందుకని కొంత మేర రేకుల గోడ కట్టేశారు. లోపల యంత్రాల మోత. నేను వచ్చిన వైపునుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టబోయాను. లెక్కపెట్టటానికి బెంచీలు లేవు. నిద్రగన్నేరు ఎక్కడుందో ఆనవాలు దొరకలేదు. వున్న చెట్లలో ఏదైనా అదేనేమో అని ఒక్కొక్కదాని మొదలూ తడిమి చూశాను. చెట్టు కూడా యాభైతొమ్మిదేళ్ళు పెరిగి వుంటుందనీ, చేతికి గుర్తుపట్టదనీ తోచలేదు.

"ఏం వెతుకుతున్నావు తాతా?" అంది మనమరాలు.

దానికి చెప్పాను. ఆశ్చర్యమేమిటంటే అంతా చెప్పాను. మా ఆవిడకి కూడా సగమే చెప్పిన కథ. రిఫ్రిజిరేటరు దగ్గిర్నించి గాజులదాకా. అది బుద్ధిగా విని, "మరి సారీ చెప్పావా?" అంది.

"లేదమ్మా. నాకు తెలిసేసరికి ఆయన లేరు."

"తెలియకపోవటమేంటి? అన్నప్పుడు తెలుసుగా!" అంది.

చిన్నపిల్లలు ప్లీడర్లకన్నా గట్టిగా అడుగుతారు. నా దగ్గిర జవాబు లేదు. మలుపు తిరిగేముందు వెనక్కి చూశానని చెప్పాను కదా, అంటే తెలుసన్నమాటే.

నేను అలా చెట్టుచెట్టుకీ తిరుగుతూంటే చూసి కాబోలు, కాపలాదారు వచ్చాడు. నా వయసు మనిషి కాదు, నలభై ఏళ్ళుంటాయి. ఎవరికోసం చూస్తున్నారు సార్ అని తమిళంలో అడిగాడు.

"ఎంగప్పా" అన్నాను. మా నాన్నగారు, అని.

పాపం, అతను కంగారుపడ్డాడు. డెబ్భైరెండేళ్ళవాడు తండ్రిని వెతుకుతున్నాడంటే ఆ ముసలాయన ఎంతటి ముసలాయన అయివుండాలి! తప్పిపోయారనుకున్నాడు. "ఎలా వుంటారు? ఏం వేసుకున్నారు?" అని గబగబా అడుగుతూ, అటుపోయే వాళ్ళని కూడా ఇద్దరిని కేకేశాడు.

"తెల్లజిబ్బా. భుజందగ్గిర కుట్టు వుంటుంది. చేతిలో అట్ట" అన్నాను.

మనమరాలు పకపకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. కండువాతో తుడుచుకుని, అతన్ని ఆపి, సంగతి చెప్పాను. ఎప్పుడో యాభై అరవై ఏళ్ళ క్రితం మా నాన్నగారు ఇక్కడ కూచుని సినిమాలకి కథలు రాసేవారు, ఆయన కూచున్న చోటు చూద్దామని వచ్చాను అన్నాను. నా తమిళం తుప్పుపట్టింది. అయినా ఆ ముక్క గట్టిగానే అన్నాను. పక్కన ఆగినవాళ్ళు కూడా విన్నారు.

అతను నన్ను ఎగాదిగా చూసి, తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చెట్టునీడన వేశాడు. "మీ అప్పా ఇక్కడే కూచునివుంటారు, కూచోండి" అన్నాడు. ఎక్కడో అతనికేం తెలుసు? నాకే తెలియదు. అయినా కూచున్నాను.

మనమరాలు బయటికి పరుగెత్తి, అమ్మేవాడి దగ్గిర పొట్లం కొనుక్కు వచ్చింది. శనగ గుగ్గిళ్ళు కావు, మసాలా పల్లీలు. చేత్తో పట్టుకుని, "తీసుకో తాతా" అంది.

ఈసారి వెంటనే తీసుకున్నాను.